నర్సమ్మ గారి నల్ల పొత్తులు

పోయిన వారం రాజమండ్రిలో కంటి ఆసుపత్రికి వెళ్ళాను. చుక్కల మందు వేసి, చూపు మసకబారేదాకా వసారాలో కూర్చోమన్నారు. కళ్ళు పనిచేయనప్పుడు ముక్కు ఎక్కువ పనిచేస్తుంది కాబోలు. గేటు బయట బండి మీద ఎవరో స్వీట్ కార్న్ ఉడకబెడుతున్నారు. వెన్న, కారం కలిసిన వాసన పైపైన ఉంది గాని, దాని అడుగున పచ్చిపాల వాసన లాంటిది, తడి ఆకు వాసన లాంటిది మరొకటి ఉంది. లేత పొత్తు మీద ఆకు వలుస్తుంటే వచ్చే వాసన అది. నేను రెండు చేతులతో బల్ల అంచు పట్టుకోవడం చూసి, పక్కన కూర్చున్నాయన "ఏవండీ, కళ్ళు తిరుగుతున్నాయా?" అని అడిగాడు. కాదన్నాను. ఇంటికి వచ్చాక చూపు కుదుటపడేదాకా ఆగి, అటక మీద నుంచి డెబ్బైల నాటి డైరీలు దింపించాను. అట్టలు చివికిపోయాయి. చేతిరాత మాత్రం నాదే.

అప్పట్లో నేను రామచంద్రపురం తాలూకాలో ఒక ఊరికి గ్రామసేవకుడిగా ఉండేవాణ్ణి. కొత్త వంగడాల గురించి రైతులకు చెప్పడం, ఎరువుల మోతాదు చెప్పడం, విత్తనం ఎలా ఏరుకోవాలో చూపించడం నా పని. పెళ్ళి కాలేదు. కాంతమ్మ గారనే రిటైరైన నర్సు ఇంటి వెనక భాగంలో అద్దెకు దిగాను. ఊళ్ళో ఆమెను అందరూ నర్సమ్మ గారనేవారు. నేను మామ్మగారూ అని పిలిచేవాణ్ణి. పొట్టి మనిషి. ముతక తెల్లచీర, మడత నలగకుండా కట్టేది. దేన్నయినా ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేది, ముట్టుకున్నాక మళ్ళీ కడుక్కునేది. మందుసీసాల మీద చీటీలు అంటించినట్టే పప్పుల డబ్బాల మీద కూడా చీటీలు అంటించేది.

ఆమె పెరట్లో ఒక చదరపు మడి ఉండేది. అందులో ఏటా కార్తీకంలో ఒక రకం మొక్కజొన్న వేసేది. పాల మీద ఉన్నప్పుడు గింజ ముత్యంలా తెల్లగా ఉంటుంది. ఎండితే నల్లబడి, కిస్‌మిస్ పండులా ముడుచుకుపోతుంది. ఆసుపత్రిలో ఆమెకు పని నేర్పిన దొరసాని నర్సు, తన దేశం వెళ్ళిపోతూ ఒక గుప్పెడు విత్తనం ఆమె చేతిలో పెట్టిందట. అది జరిగి అప్పటికే పద్దెనిమిదేళ్ళు. దొరసాని ఏడాదికోసారి ఉత్తరం రాసేది. తన ఊళ్ళో కూడా ఆ రకం ఇప్పుడెవరూ వేయడం లేదనీ, తన దగ్గరున్నది కూడా పోయిందనీ, కాంతమ్మ దగ్గర ఉంటేనే ఉన్నట్టనీ ఒక ఉత్తరంలో రాసిందని మామ్మగారు నాకు చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో గర్వం లేదు. రాత్రి డ్యూటీ ఎక్కిన మనిషి ముఖంలా ఉంది.

మొదటి ఏడాది నన్ను పొత్తు తినడానికి పిలిచింది. మా వైపు పొత్తంటే నిప్పుల మీద కాల్చుకోవడమే. నేను సరాసరి మడిలోకి వెళ్ళి కోయబోయాను.

"ఆగాగు. ముందు పొయ్యి చూడు. నీళ్ళు తెర్లుతున్నాయా?"

"ఇంకా లేదండి."

"అయితే నీకేం తొందర? నీళ్ళు తెర్లాక కొయ్యాలి. కోసి కూర్చోబెడితే తీపి చచ్చిపోతుంది."

నీళ్ళు తెర్లాయి. కోశాను. వలుస్తూనే పరుగెత్తుకొచ్చి గిన్నెలో వేశాను. ఆమె గోడ గడియారం చూసి నాలుగు నిమిషాలకు తీసింది. ఆ తీపిని ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. చెరకు తీపి కాదు. జున్నుపాలలో బెల్లం ఇంకా పూర్తిగా కరగకముందు ఉండే తీపి లాంటిది. కండెకు మిగిలిన గింజల మొదళ్ళు కూడా చీకాను. "ఆఫీసరు గారు కండె కూడా మింగేస్తారేమో" అని ఆమె నవ్వింది. ఆమె నవ్వడం అరుదు.

మరుసటి ఏడాది విత్తనం నాటేటప్పుడు నేను గుంటలు తీస్తే ఆమె గింజలు వేసింది. అప్పుడు చూశాను ఆ విత్తనాన్ని. అంతా ముడతలే. బరువు లేదు. నేను ఊరూరా తిరిగి పారబొయ్యమని చెప్పే తాలు గింజల్లా ఉన్నాయి. పాపం, ఇన్నాళ్ళూ ఈవిడ తాలునే నాటుకుంటోంది, చెప్పేవాళ్ళు లేరు అని జాలిపడ్డాను. పైకి ఏమీ అనలేదు.

ఆ ఏడాదే మా ఆఫీసు నుంచి హైబ్రీడ్ మొక్కజొన్న విత్తనం వచ్చింది. ఊళ్ళో ఎవరి చేతనైనా వేయించి చూపించాలి. మామ్మగారి పెరటిగోడ అవతల చేను సత్తిరాజు గారిది. ఆయన్ని ఒప్పించాను. సంగతి తెలిసి మామ్మగారు నన్ను పిలిచింది.

"సత్తిరాజుకి చెప్పు నాయనా, ఓ మూడు వారాలు ఆగి వేసుకోమని. రెండూ ఒక్కసారి పూతకొస్తే ఆ పుప్పొడి వచ్చి నా పొత్తుల మీద పడుతుంది. విత్తనం పాడైపోతుంది."

చెబుతానన్నాను. చెప్పాను కూడా. సత్తిరాజు గారు తలపాగా సర్దుకుని నా వంక చూశారు.

"తొందరపెట్టిందీ మీరే, ఆగమనేదీ మీరేనాండీ? మీ పై ఆఫీసరు గారొచ్చి చేలో నిలబడి ఫోటో దిగుతారన్నారు. ఏం చూపించమంటారు, వట్టి మన్నా?"

ఆయన అన్నదీ నిజమే. పై ఆఫీసరు వచ్చే రోజు ఖాయమైపోయింది. సరే, మీ ఇష్టమండి అని వచ్చేశాను. మామ్మగారితో మాత్రం చెప్పాను, ఆగుతారు అన్నాను. ఆ రోజు డైరీలో "సత్తిరాజు గారితో మాట్లాడితిని" అని మాత్రమే ఉంది. ఏం మాట్లాడానో రాయలేదు. రాయకపోవడం ఒక పద్ధతి అని అప్పుడు తెలియదు.

మడీ, చేనూ ఒకేసారి పూతకొచ్చాయి. మామ్మగారికి అప్పటికే రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, గోడ అవతల ఏముందో కనబడడం లేదు. పొత్తులు మొక్కల మీద ఎండుతుండగానే కాకినాడలో ఆపరేషన్‌కి వెళ్ళింది. ఆ రోజుల్లో కంటి ఆపరేషన్ అంటే రోజుల తరబడి తల కదపకుండా పడుకోవాలి. రిక్షా ఎక్కుతూ నాకు అప్పగింతలు పెట్టింది.

"పొత్తులు బాగా ఎండాక కోసి, ఒలిచి, డబ్బాలో పోసి మూత పెట్టు. ఇంకేమీ చెయ్యకు."

"విత్తనం సంగతి నాకు చెప్పాలాండీ? ఊరంతటికీ నేను చెప్పేదే అది."

"అందుకే చెబుతున్నా" అంది.

ఎండిన పొత్తులు ఒలిస్తే ఆశ్చర్యం వేసింది. ప్రతి కండె మీదా ముడతల గింజల మధ్య నున్నగా, నిండుగా, నల్లగా మెరిసే గింజలు సగానికి సగం ఉన్నాయి. నా పర్యవేక్షణ వల్లే పంట ఇలా బాగుపడిందని అనుకున్నాను. ఆమె వచ్చేసరికి జన్మలో చూడనంత మంచి విత్తనం తయారుచేసి పెడదామనుకున్నాను. రైతులకు చూపించినట్టే చేశాను. బకెట్టు నీళ్ళలో కోడిగుడ్డు వేసి, అది తేలేదాకా ఉప్పు కలిపాను. గుడ్డు తీసేసి గింజలు పోశాను. నిండు గింజలు అడుక్కి దిగాయి. ముడతలవి తేలాయి. తేలినవాటిని జల్లెడతో తీసి, సత్తిరాజు గారి కోళ్ళకు వేశాను. అడుగునున్నవి మంచినీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, వేపాకు వేసి డబ్బాలో పోశాను. చీటీ రాసి అంటించాను. ఇంత శ్రద్ధగా నేను చేసిన పని ఆ ఏడాది మరొకటి లేదు.

నెల దాటాక ఆమె వచ్చింది. కళ్ళకు పచ్చరంగు గుడ్డ తెర కట్టి ఉంది. వచ్చిన సాయంత్రమే డబ్బా తెమ్మంది. చేతులు కడుక్కుని, మూత తీసి, లోపల చెయ్యి పెట్టింది. వేళ్ళతో గింజలు తడిమింది.

"ఇవి ఎవరివి?"

"మీవేనండి. ఉప్పునీళ్ళలో వేసి ఏరి పెట్టాను."

"మిగతావేవీ?"

"అవి తాలండి. సత్తిరాజు గారి కోళ్ళకి వేసేశాను."

"తిన్నాయా?"

"తిన్నాయండి."

"తీపి తెలిసే ఉంటుంది వాటికి" అంది.

ఆ తరువాత, కేకలు వేయకుండా, ఆసుపత్రిలో కొత్తగా చేరిన పిల్లకు చెప్పినట్టు చెప్పింది. తీపి ఉన్న గింజ ఎండితే ముడుచుకుపోతుంది. అది రోగం కాదు, దాని గుణం. నున్నగా ఉన్నవన్నీ గోడ అవతలి పుప్పొడి పడినవి. ఆమె అసలు విత్తనాన్ని నేను కోళ్ళకు వేసి, చెడినదాన్ని చీటీ అంటించి దాచాను. నిరుటి గింజలేమైనా ఉన్నాయా అని అడిగాను. పురుగు పట్టి పోయాయంది. డబ్బా మూత పెట్టేసి, పడుకుంటానంది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. కాని తినకపోవడం వల్ల ఎవరికీ ఏమీ ఒరగదని కూడా తెలుసు.

కార్తీకం వచ్చాక ఆ నున్నటి గింజలనే నాటింది. ఎందుకండీ అంటే, "ఉన్నవాటితోనే కదా పని" అంది. ఈసారి సత్తిరాజు గారిని నెల రోజులు ఆపాను. పొత్తులు ఎండాక ఒలిస్తే నలుపు, పసుపు, తెలుపు కలిసి ఉన్నాయి. ఎక్కువ నున్నటివే. కాని నాలుగింట ఒకటి చొప్పున ముడతల గింజ ఉంది. ఎలా వచ్చిందో అప్పుడు నాకు తెలియదు. నున్నటి గింజలో దాగి ఉన్న తీపి గుణం తరువాతి పంటలో ఇలా బయటపడుతుందని చాలా ఏళ్ళ తరువాత ట్రైనింగులో పుస్తకం చదివితే తెలిసింది. ఆమెకు ఆ పుస్తకంతో పని లేకపోయింది. సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు పెట్టుకుని, తెల్లటి పళ్ళెంలో గింజలు పోసుకుని, ముడతలు పడ్డ నల్లగింజలను ఒక్కొక్కటే వేలితో పక్కకు లాగింది. నేను ఎదురుగా కూర్చుని ఇంకో పళ్ళెం ఏరాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది. రెండో రోజు ఇక ఆపుకోలేక చెప్పేశాను.

"మామ్మగారూ, అప్పుడు సత్తిరాజు గారిని ఆగమని నేను గట్టిగా చెప్పలేదండి. మీతో అబద్ధం ఆడాను."

ఆమె చెయ్యి ఆగలేదు.

"తెలుసు. కాకినాడ ఆసుపత్రికి నన్ను చూడ్డానికొచ్చి అతనే చెప్పాడు. అందుకే వచ్చీరాగానే డబ్బా తెమ్మన్నాను. సగం పోయినా సగం ఉంటుందిలే అనుకున్నాను." ఇంకో గింజ పక్కకు లాగి, "అటు పళ్ళెం చూడు, నున్నటిది కలిసింది" అంది.

మరుసటి ఏడాది ఆ ముడతల విత్తనం వేశాం. మొక్కలు నిరుటి కన్నా ఎత్తుగా వచ్చాయి. నాకు ఆశ పుట్టింది. నీళ్ళు తెర్లాక పరుగెత్తి కోసి తెచ్చాను. ఆమె గడియారం చూసి తీసింది. నేను కొరికాను. తియ్యగా ఉంది. సందేహం లేదు, తియ్యగానే ఉంది. ఆమె రెండు వరసలు తిని, నెమ్మదిగా నమిలి, కండె పళ్ళెంలో పెట్టేసింది.

"ఇది వేరే పొత్తు నాయనా. బాగానే ఉంది."

తోలు కాస్త మందంగా ఉందనీ, ఆ పాల రుచి లేదనీ నా నాలుకకు కూడా తెలుస్తూనే ఉంది. తెలియనట్టు ఉండాలని చూశాను, అంతే. ఐదారేళ్ళు ఏరుకుంటూ పోతే దగ్గరికి రావచ్చునేమో అన్నాను. "నీకు బదిలీ అవదా? నాకు వయసు ఆగుతుందా?" అంది. విసుగుతో అనలేదు. నాడి చూసి చెప్పినట్టు అంది.

ఆ వారంలోనే దొరసానికి జవాబు రాయాలంది. రెండేళ్ళుగా ఆమె ఉత్తరాలన్నీ నేనే ఇంగ్లీషులో రాసిపెడుతున్నాను. కాగితం తీసి కూర్చున్నాను. విత్తనం పోయిందని రాయమంది. ఎలా పోయిందో కూడా రాయాలని నేనే ముందుగా అన్నాను. ఇంట్లో అద్దెకున్న గ్రామసేవకుడు తెలివితక్కువగా చేశాడని రాస్తానన్నాను.

"వద్దు. నా చేతిలో పోయిందని రాయి."

"అది నిజం కాదు కదండీ."

"ఆవిడ విత్తనం ఎవరికిచ్చింది?"

"మీకండి."

"మరి? నీకిచ్చిందా ఏంటి? రాయి."

రాశాను. చదివి వినిపించాను. ఆమె పెన్ను తీసుకుని, కళ్ళద్దాలు కాగితానికి ఆనేంత వంగి, సంతకం పెట్టింది. పోస్టాఫీసుకు వెళ్ళి ఆ కవరు నేనే వేశాను. ఆ ఏడాది చివర్లో నాకు మొగల్తూరు వైపు బదిలీ అయింది. ఆ తరువాత రెండేళ్ళకు ఆమె పోయిందని సత్తిరాజు గారు కార్డు రాశారు. దొరసాని ఏం జవాబు రాసిందో నేను అడగలేదు.

తరువాత ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేశాను. నా కింద చాలామంది పనిచేశారు. వాళ్ళలో కొందరు మంచి చేద్దామనే తప్పులు చేశారు. పైకి సంజాయిషీ రాయవలసి వచ్చినప్పుడల్లా, పని అప్పగించింది నాకు గనుక నా చేతిలోనే జరిగిందని రాయాలని తెలుసు. ఆ వాక్యం ఎలా ఉంటుందో కూడా తెలుసు, ఒకసారి నా చేత్తో రాసినదే. ఆ తరువాతి డైరీలు కూడా దింపించి, అన్నీ ముందేసుకుని నాలుగు రోజులు వెతికాను. అలా రాసింది మూడుసార్లు. మిగతా అన్నిసార్లూ వాళ్ళ పేర్లు రాశాను.