ఆంటీ చెప్పిన కౌలాలంపూర్ ఖర్చు

మొన్న ఆదివారం కుక్కర్ మూత తీయగానే వంటిల్లంతా పాండన్ వాసన కమ్ముకుంది. పాండన్ అంటే పొడుగ్గా, పచ్చగా ఉండే ఒక ఆకు. మలేసియాలో దాన్ని ముడివేసి అన్నంలో పడేస్తారు. మామూలు బియ్యం కూడా బాస్మతిలా ఘుమఘుమలాడుతుంది. లీసెస్టర్‌లో మా ఇంటి దగ్గర చైనా వాళ్ళ కొట్లో, ఫ్రీజర్ అడుగున దొరుకుతుంది. కరీంనగర్ పిల్లకి మలేసియా ఆకుతో పనేమిటని అడగొచ్చు. నాకు దాన్ని అలవాటు చేసింది ఒక నెల్లూరు మనిషి. విజయ ఆంటీ మా వీధిలోనే, మూడిళ్ళ అవతల ఉండేవారు. ఈ దేశం రాకముందు ఆవిడ, ఇంజనీరైన అంకుల్ చాలా ఏళ్ళు కౌలాలంపూర్‌లో కాపురం చేశారు. అంకుల్ రిటైరయ్యాక ఇద్దరూ నెల్లూరు వెళ్ళిపోయారు. మా ఇంట్లో ఇవాళ ఉన్న సందడికి సగం కారణం ఆవిడే. మిగతా సగం నేనూ మా ఆయనా పంచుకుంటాం.

ఆవిడ నాకు పరిచయమైంది కూరగాయల దగ్గర. నేను వచ్చిన మొదటి చలికాలం. మనవాళ్ళు కొత్తగా వచ్చినప్పుడు అందరూ చేసే పనే నేనూ చేస్తున్నాను, ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చుకుని గుండెలు బాదుకోవడం. గోబీపువ్వు చేతిలోకి తీసుకుని, మనసులో గుణించుకుని, నిప్పు ముట్టుకున్నట్టు మళ్ళీ గంపలో పెట్టేశాను. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏందమ్మా, రూపాయల్లోకి మార్చేసినావా? కొత్తగా వచ్చినట్టుండావే!"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ ఆ పువ్వునే తీసి నా సంచిలో వేశారు. "సంపాదించేది ఇక్కడైనప్పుడు తినేది కూడా ఇక్కడి లెక్కలోనే తినాల. నేను కౌలాలంపూర్‌లో నీకంటే ఘోరం. ఇడ్లీ ముక్క తుంచేటప్పుడు కూడా గుణకారమే" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో హీటర్ వేసుకోవడం మొదలైంది. అంతకుముందు నేనూ మా ఆయన శ్రీకాంత్ ఇంట్లో కోట్లు తొడుక్కుని కూర్చుని, ఒకరినొకరు మెచ్చుకునేవాళ్ళం.

మరుసటి ఏడాది మేఘన పుట్టింది. అమ్మ కరీంనగర్ నుంచి విజిటర్ వీసా మీద వచ్చింది. నా మెటర్నిటీ లీవు అయిపోవస్తుండగా పగలంతా పసివాళ్ళను చూసుకునే నర్సరీ ఫీజు కనుక్కున్నాం. నా జీతం దాదాపు అంతా దానికే పోతుందని తేలింది. మాకు తెలిసినవాళ్ళలో దీనికి అందరూ పాటించే పద్ధతి ఒకటుంది. అమ్మమ్మ తిరుగు ప్రయాణంలో పసిపిల్లను వెంట పంపించేయడం. అదేదో సామాను పంపినంత మామూలుగా మాట్లాడుకునేవాళ్ళం. మేమూ టికెట్ తీసుకున్నాం.

"నేను మంచిగ జూసుకుంట బిడ్డా" అంది అమ్మ. "రెండేండ్లే గద, కండ్లు మూసి తెరిచేసరికి అయిపోతయ్."

శ్రీకాంత్ మాత్రం పిల్లను ఎత్తుకున్నవాడు దించడం మానేశాడు.

ప్రయాణానికి ముందటి ఆదివారం ఆంటీ మమ్మల్ని భోజనానికి పిలిచారు. పాండన్ వేసిన అన్నం, నెల్లూరు చేపల పులుసు. అమ్మ తృప్తిగా తిని ముందుగదిలో మేఘనను పడుకోబెడుతోంది. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను. ఆంటీ సింకు దగ్గరే నిలబడి, నా వైపు చూడకుండా మొదలుపెట్టారు.

"కౌలాలంపూర్ చవకని అందరూ అంటారు. నిజమే. రోడ్డు మీద కడుపునిండా తినొచ్చు, బాడుగ కంపెనీ ఇచ్చేది. కానీ పరాయి దేశపోళ్ళ పిల్లలు చదివే స్కూళ్ళ ఫీజులు మాత్రం మాకు అందలేదు. మా పాప స్నేహకి అయిదేళ్ళప్పుడు నెల్లూర్లో మా అమ్మ కాడ వదిలేసి వచ్చినాం. మిగిలిన డబ్బుతో నెల్లూర్లోనే ఇల్లు కొన్నాం."

"మంచిదే కద ఆంటీ" అన్నాను.

"ఇల్లు బాగుంటాది. రెండో వేసంగి సెలవుల్లో మా తమ్ముడు దాన్ని కౌలాలంపూర్ తీసుకొస్తే ఎయిర్‌పోర్టుకి పోయినా. వాడి కాళ్ళెనక దాక్కుని, నాకు రెండు చేతులెత్తి నమస్కారం పెట్టింది." ఆవిడ కొళాయి కట్టేశారు. "ఇప్పటికీ దానికి జరమొస్తే అమ్మమ్మా అంటాది. పిల్లని పంపొద్దని నేను చెప్పను తల్లీ. నాకు ఏం ఖర్చయిందో చెప్తా ఉండా, అంతే."

ఇంటికి నడిచి వచ్చి తలుపు తీస్తూనే శ్రీకాంత్‌తో, "పిల్లను పంపను" అన్నాను.

"పంపకపోతె ఎట్లనే మరి?" అన్నాడు. అంటూనే అతని ముఖం వెలిగిపోయింది.

ఎట్లా అనేదానికి జవాబు కష్టంగానే దొరికింది. కారు అమ్మేసి బస్సులెక్కాం. పెద్ద ఫ్లాట్ వదిలి ఒక్క పడకగది ఇంట్లోకి మారాం. నేను వారానికి మూడు రోజులే పనికి వెళ్ళేదాన్ని. అందులో రెండు రోజులు మేఘన నర్సరీలో, ఒక రోజు ఆంటీ దగ్గర ఉండేది. డబ్బు సంగతి ఎత్తితే, "ఆ మాటంటే తలుపు తియ్యను" అన్నారు. అమ్మ ఒంటరిగా విమానమెక్కింది. నా మీద అలిగి, కరీంనగర్ చేరాక కూడా చాలా రోజులు ఫోన్లో మా ఆయనతోనే మాట్లాడింది. ఆ ఏళ్ళలో మాకు మిగిలిందేమీ లేదు. మా తోటివాళ్ళు ఇళ్ళు కొనుక్కుంటుంటే గృహప్రవేశాలకు వెళ్ళి పాయసం తాగి వచ్చేవాళ్ళం. కుళ్ళుకున్నాను కూడా, లేదని ఎందుకు చెప్పాలి?

మేఘనకిప్పుడు పదమూడేళ్ళు. ఇప్పుడున్న ఇంట్లో మేడ మీద దానికో గది ఉంది. నేను తెలుగులో తిడతాను, అది ఇంగ్లీషులో తిరగబడుతుంది. పోయిన నెల స్నేహితురాలింట్లో రాత్రి ఉంటానంటే వద్దన్నాను. "యు ఆర్ సో అన్‌ఫెయిర్, మమ్!" అని ఇల్లదిరేలా అరిచి, పైకి వెళ్ళి దడేల్మని తలుపేసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయి ఆంటీకి ఫోన్ చేశాను. ఇంత పెంచితే ఇదా ఫలితం, నేనేం పాపం చేశానని ఏకరువు పెట్టాను. ఆవిడ చివరిదాకా విన్నారు.

"మా స్నేహ నాతో ఒక్కసారి కూడా పోట్లాడలేదమ్మా" అన్నారు. "ఏం పెడితే అది తినేది. ఏం కొనిచ్చినా థాంక్స్ చెప్పేది. చుట్టాలింటికి వచ్చిన బిడ్డ ఎందుకు పోట్లాడతాది?"

నేను మెట్ల మీదుగా పైకి, మూసిన తలుపు వైపు చూశాను.

"పో, పోయి తలుపు కొట్టు. తియ్యకపోతే ఆడే కూర్చో" అని ఫోన్ పెట్టేశారు.

మెట్లెక్కి వెళ్ళి తలుపు తట్టాను. "గో అవే!" అని లోపలి నుంచి కేక. అక్కడే కార్పెట్ మీద కూలబడ్డాను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంత హక్కుగా నన్ను పొమ్మనే బిడ్డను నాకు మిగిల్చింది విజయ ఆంటీ.