ఇన్‌స్పెక్టర్ కాలిలో నారికురుపు

ఆ రోజుల్లో కొత్తగా ప్రభుత్వ ఉద్యోగం వచ్చిన కుర్రోడికి, తాను బాగుచేసేదానికే లోకం ఇంత మురికిగా ఉందేమో అనిపించేది. నాకైతే మరీనూ. ఎనభైల్లో కళ్యాణదుర్గంలో హెల్త్ ఇన్‌స్పెక్టర్‌గా చేరినాను. చేరీ చేరకముందే కుందుర్పి వైపు పల్లెల్లో నారికురుపు లేకుండా చేసే కార్యక్రమం మొత్తం నా నెత్తిన పెట్టినారు. నా కింద ఇద్దరు పనివాళ్లు, ఒక సైకిలు, డబ్బాల్లో మందు, తానులకొద్దీ వడగట్టే గుడ్డ. ఇంక నన్ను ఆపేదెవరు? (సైకిలుకు బ్రేకులు లేవు, కాబట్టి ఆపుదామన్నా ఆగేది కాదు.)

నారికురుపంటే ఇప్పటి పిల్లలకు తెలీదు, తెలీకపోవడమే మేలు. దిగుడుబావి నీళ్లు వడగట్టకుండా తాగితే కంటికి కనపడని పురుగు కడుపులోకి పోతుంది. ఏడాది తిరిగేసరికి అదే కాలిలోంచి తెల్లటి దారం మాదిరి బయటికొస్తుంది. ఆ కాలితో మళ్లీ బావిలోకి దిగితే నీళ్లన్నీ పాడు. నేను ఎక్కువగా తిరిగిన ఒక పల్లెలో ఇంటికొకరు కుంటుతుండేవాళ్లు. చుట్టుపక్కలవాళ్లు దాన్ని కుంటోళ్ల పల్లె అనేవాళ్లు, ఆ ఊరికి పిల్లనిచ్చేదానికి జంకేవాళ్లు. ఒక్క వేసవి కొత్త కురుపు లేకుండా దాటితే, అనంతపురం నుంచి పెద్ద సారు వచ్చి చూసి, ఆ ఊరికి కురుపు పోయిందని అందరి ముందరా చెప్తారు. ఊరంతా ఆ మాట కోసం కాచుకోనుండింది.

వారం రోజులు గుడ్డతో వడగట్టుకోండని గొంతు పోయేలా చెప్పినాను. గుడ్డ బాగానే తీసుకున్నారు గానీ, బావిలో మందు పోస్తామనేసరికి అడ్డం తిరిగినారు. ముందు నిలబడింది జగడాలవ్వ. (అసలు పేరేమో ఆమెకే గుర్తుండేది కాదు.) మమ్మల్ని చంపేకి వచ్చినావా అని నిలదీసింది. అంత నమ్మకముంటే నువ్వే తాగి చూపీ అని వెనకనుంచి ఇంకెవరో అన్నారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మందు పోయించి, అందరి ఎదుటా చెంబు ముంచి గటగటా తాగేసి, మీసం తుడుచుకున్నాను. (దాన్ని మీసమని నేనొక్కణ్ణే అనేవాణ్ణి.) మందు పనిచేసేదానికి ఒక రోజైనా పడుతుందని గానీ, వారమంతా నేను చెప్పింది వడగట్టమనే కదా అని గానీ ఆ క్షణాన నాకు తోచనే లేదు. ఊరోళ్లు మాత్రం తొందరపడలేదు. నేను బతుకుతానో లేదో చూసేదాకా పక్క ఊరి బోరింగు నీళ్లు తెచ్చుకున్నారు. బతికినానని తేలినాక, గుడ్డతో వడగట్టుకొని మరీ తాగినారు.

జగడాలవ్వను ఆ బావికే కాపలా పెట్టినాను. కాలికి పుండో కట్టో ఉంటే, వాళ్లు ఎవరైనా సరే, మెట్లు దిగనీయొద్దని చెప్పినాను. జగడమాడేదానికి సర్కారే పనిచ్చిందని ఆమెకు ఒకటే సంబరం. అంతకు ముందే ఆ నీళ్లు తాగినవాళ్ల కురుపులు ఒక్కొక్కటే బయటపడి మానినాయి. మరుసటి వేసవి సగం దాటినా కొత్తది ఒక్కటీ రాలేదు. ఊళ్లో మొగోళ్ల నడకే మారిపోయింది.

సరిగ్గా అప్పుడే నా ఎడమకాలి మడమ పైన బొబ్బ లేచింది. చెప్పు కరిచిందనుకున్నాను. అది పగిలి, లోపలినుంచి తెల్లటి దారం తల బయట పెట్టింది. ఊరూరా నారికురుపు పటం పట్టుకొని చూపించినవాణ్ణి, గుర్తుపట్టకుండా ఎట్లుంటాను? కట్టు కట్టి, ప్యాంటు కిందికి లాక్కొని, ముల్లు గుచ్చుకుందని అందరికీ చెప్పుకొచ్చినాను.

వేసవి ఆఖర్న పెద్ద సారు రానే వచ్చినారు. బావి గట్టు మీద ఊరంతా చేరింది. నీళ్లెట్లున్నాయో చూద్దాం, కాసిని పట్టుకురావయ్యా అని నాకు చెప్పినారు. పై మెట్టు మీద జగడాలవ్వ కాళ్లు చాపుకొని కూర్చోనుంది. నా కాలి వైపు చూసి, కట్టు విప్పు సామీ అనింది. అవ్వా, నేను ఇన్‌స్పెక్టర్ని అని గొణిగినాను.

"అయితే ఏమప్పా? ఎవురైనా సరే అని నువ్వే గదా చెప్పినావు."

పెద్ద సారుకు ఆమె పట్టుదల తెగ నచ్చింది. నవ్వుతూ, విప్పి చూపించవయ్యా అన్నారు. విప్పినాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

ఇదెక్కడిదని అడిగినారు. నేను నోరు తెరిచేలోపల ఊరి రెడ్డి అందుకున్నాడు. ఈయప్పది మా ఊరు కాదు సార్, కళ్యాణదుర్గంలో గది తీసుకోని ఉండాడు, హోటళ్లలో తింటాడు, యాడ తాగినాడో ఏమో అని. అందరూ అవునన్నారు. నాకు కోపం రాలేదు. ఏడాదిగా వాళ్లు పడిన అవస్థంతా నా ఒక్క కాలితో మట్టి కొట్టుకుపోతోంది. అవును సార్, హోటల్ నీళ్లే అని నేను కూడా అనేసినాను. పెద్ద సారు సరేనన్నట్టు తలూపినారు.

"అబద్ధం సారూ," అనింది జగడాలవ్వ. "ఈ బావి నీళ్లే తాగినాడు. తాగి చూపీమని మేమంటే, మా కండ్ల ముందర తాగినాడు. ఇది మా ఊరి కురుపే."

అవ్వా, ఊరి పేరు పోతాదే అని రెడ్డి పండ్లు కొరికినాడు.

"పోనీ. ఇంకో ఏడు కాపలా కాస్తా. మన కోసరం తాగినోన్ని మనోడు కాదంటే ఎట్ల?"

రెడ్డి తువ్వాలతో మొహం తుడుచుకొని, మాదే సార్, మా ఊరికే రాసుకోండి అన్నాడు. నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. నొప్పికని అందరితో చెప్పినాను.

కురుపు పోయిందనే మాట వినేదానికి ఊరు ఇంకో వేసవి ఆగాల్సి వచ్చింది. నన్ను మాత్రం కురుపు మానేదాకా కళ్యాణదుర్గం పోనీయలేదు. రెడ్డి ఇంటి వసారాలో మంచం వేసినారు. జగడాలవ్వ రోజూ వచ్చి, ఆ దారాన్ని కొంచెం కొంచెంగా బయటికి లాగి అగ్గిపుల్లకు చుడుతూ, ఒళ్లు మరిచి నన్ను తిట్టేది.

తర్వాత చాలా ఊళ్లు తిరిగినాను, పెద్ద కుర్చీల్లోనూ కూర్చున్నాను. అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. ఇప్పటికీ ఎవరైనా మీది ఏ ఊరండీ అని అడిగితే, పుట్టిన ఊరి కంటే ముందు ఆ పల్లె పేరే నోట్లోంచి వచ్చేస్తుంది. మా ఆవిడ పక్కనుంచి, ఆడ మనోళ్లు ఎవరున్నారని సాధిస్తుంది. నేను ప్యాంటు కొంచెం పైకి లాగి, మడమ పైన మచ్చ చూపిస్తాను.