నూకరత్నం కత్తిరించిన సునామీ

సునామీ ఒక్క ఉదయంలో వచ్చి వెళ్లిపోయింది. దాని కథ చెప్పడానికి అప్పలరాముడికి ఇరవై ఏళ్లు చాలలేదు.

ఆయన దీవుల్లో, సముద్రపు పాయ దాటించే బాంబూఫ్లాట్ ఫెర్రీలో లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఫెర్రీని జెట్టీకి తాడుతో కట్టడం, విప్పడం ఉద్యోగం. వినేవాళ్లకు మాత్రం ఫెర్రీ నడిపింది ఆయనే. సునామీ తర్వాత బాంబూఫ్లాట్‌లో నేల కుంగి, పోటు వచ్చినప్పుడల్లా సముద్రం వంటింట్లోకి రావడం మొదలుపెట్టింది. దాంతో అప్పటికి బతికున్న ఆయన తల్లితో సహా మొగుడూ పెళ్లాలు అవతలి ఒడ్డున ఉన్న బతు బస్తీకి మారారు. అక్కడ ఆయన భార్య నూకరత్నం గాజులు, రిబ్బన్ల దుకాణం పెట్టింది. ఆయన దుకాణం ముందు కుర్చీ వేసుకుని కథలు పెట్టాడు.

ఏటా డిసెంబరులో తెలుగు సంఘం సంతాప సభలో ఆయన ప్రసంగం తప్పనిసరి. మొదటి ఏడు తన భార్యను మాత్రమే కాపాడాడు. తర్వాత పక్కింటి పిల్లల్ని, ఆ పైన ఒక ఆవును, చివరికి ఈత రాని ఒక పోలీసును కూడా ఒడ్డుకు చేర్చాడు. కానిస్టేబుల్‌గా మునిగిన ఆ పోలీసు ఏడాదికో ప్రమోషన్ పొంది ఇన్‌స్పెక్టరయ్యాడు. నూకరత్నం ముందు వరుసలో కూర్చుని అంతా వినేది. ఒక్కసారీ నోరు విప్పలేదు.

ఇరవయ్యో ఏడు సంఘం అధ్యక్షుడు మోహన్‌కృష్ణకు గొప్ప ఆలోచన వచ్చింది. ప్రసంగాలు వద్దు, ఎవరి అనుభవం వాళ్లు ఫోన్‌లో చిన్న వీడియోగా చేసి తేవాలి. అధ్యక్షోపన్యాసానికి మాత్రం ఈ నియమం వర్తించదు. వీడియో చేయడం రానివాళ్లకు స్కూల్లో కంప్యూటర్ టీచరైన మధులత ఆదివారాలు నేర్పుతుందన్నారు.

"నాకేటి నేర్పుతారు? నువ్వెళ్లి నేర్చుకో రత్నం. నేను చెప్తాను, నువ్వు బటన్ నొక్కు," అన్నాడు అప్పలరాముడు.

మొదటి ఆదివారం ఎవరూ ఏమీ నేర్చుకోలేదు. అందరి ఫోన్లూ గుడ్ మార్నింగ్ గులాబీలతో నిండిపోయి, వీడియో తీయడానికి చోటే లేదు. నూకరత్నం తన మరిది పంపిన గులాబీలన్నీ ఏమాత్రం దుఃఖం లేకుండా చెరిపేసింది. రెండో ఆదివారం మధులత కత్తెర బొమ్మ చూపించింది.

"ఇక్కడ నొక్కితే వీడియో రెండు ముక్కలవుతుంది దీదీ. అక్కర్లేని ముక్క మీద వేలు పెట్టి డిలీట్ కొట్టండి. ఉన్నదాన్ని ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. పాట చివర్లో చూద్దాం, ముందే పెడితే మాట వినబడదు."

"తీసేసిన ముక్క ఉండేదని చూసేవాళ్లకి తెలుస్తాదా?"

"తెలీదు దీదీ."

నూకరత్నం ఆ కత్తెర బొమ్మను ఇంకో రెండుసార్లు నొక్కి చూసుకుంది.

అప్పలరాముడు తెల్ల చొక్కా తొడుక్కుని, వసారాలో కూర్చుని, ఇన్‌స్పెక్టరుతో సహా కథంతా చెప్పాడు. చెప్పడం అయ్యాక ఆపడానికి ఆమె బటన్ నొక్కింది. సరిగ్గా నొక్కలేదు. ఫోన్ తన పని తాను చేసుకుపోయింది. ఆ సంగతి మర్నాడు దుకాణంలో వీడియో కత్తిరించడానికి కూర్చున్నప్పుడు బయటపడింది.

ముందు పోలీసును తీసేసింది. ఆవును తీసేసింది. పక్కింటి పిల్లలు ఆ రోజు ఊళ్లోనే లేరు కాబట్టి వాళ్లనూ తీసేసింది. ఆయన కాపాడానన్న తననూ తీసేసింది. ఇక మిగిలింది చొక్కా ఒక్కటే అనుకుంటుండగా, కథ అయిపోయాక ఆయన అన్న మాటలు వినిపించాయి. నిన్న తాను ఫోన్‌తో కుస్తీ పడుతూ వాటిని చెవిన పెట్టలేదు.

"నువ్వు అమ్మని వీపు మీదేసుకుని వస్తన్నావు. నేను కొత్త టీవీ నెత్తినెట్టుకుని గుట్టెక్కిపోయాను. వెనక్కి చూసేసరికి నీ నడుం దాకా నీళ్లు. టీవీ ఎవరి అరుగు మీద పడేశానో, ఎలా దిగొచ్చానో తెల్దు. అమ్మని అందుకున్నాక నీ చెయ్యి పట్టుకున్నాను. ఆ టీవీ ఎత్తకపోయుంటే ముందే వచ్చేవోణ్ణి కదా."

నూకరత్నం ఆ ముక్కను మళ్లీ మళ్లీ విన్నది. రిబ్బన్లు కావాలని వచ్చినవాళ్లను తర్వాత రమ్మంది.

సభలో ఆమె వీడియోలో అదొక్కటే ఉంది. పాట లేదు, అక్షరాలు లేవు. టీవీ మాట దగ్గర అందరూ నవ్వారు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. మోహన్‌కృష్ణ కళ్లద్దాలు తుడుచుకుని, అధ్యక్షోపన్యాసం మాత్రం పూర్తిగానే చదివాడు.

ఇంటికొచ్చాక అప్పలరాముడు అన్నం ముట్టలేదు.

"ఊరందరి ముందూ నా పరువు తీశావు."

"పోలీసుని మోశానని ఇన్నేళ్లు చెప్పావు మావా. అత్తని మోసిన మాట ఒక్కసారైనా చెప్పావా?"

"అది చెప్తే టీవీ సంగతి కూడా చెప్పాలి కదే."

"టీవీ సంగతి నాకు తెల్దా? నువ్వు వెనక్కి తిరగకముందే నీ నెత్తి మీద చూశాను కదా, వెనకాల నుంచి."

"కోపం రాలేదా నీకు?" అని అడిగాడు ఆయన.

"వచ్చింది. నువ్వు దిగొస్తన్నప్పుడు పోయింది. మళ్లీ ఆవుని కాపాడినప్పుడు వచ్చింది. అన్నం తిను."

తిన్నాడు.

ఆ తర్వాత నూకరత్నానికి గిరాకీ పెరిగింది. ఆడవాళ్లు మొగుళ్ల వీడియోలు తెచ్చి, కొంచెం తగ్గించి పెట్టమంటున్నారు. మోహన్‌కృష్ణ మాత్రం ఆ చుట్టుపక్కలకు రావడం లేదు. అప్పలరాముడు ఇప్పుడు తానే మధులత క్లాసుకు వెళ్తున్నాడు. ఫోన్ ఖాళీ చేయమంటే, తన ఫోటోల్లో ఏది తీసేయాలో తేలక మూడు ఆదివారాలుగా మొదటి పాఠం దగ్గరే ఉన్నాడు.