గుట్ట మీద చెప్పాల్సిన ముచ్చట

మొన్న ఆదివారం పొద్దున్నే ఒక టిప్పరు చిక్కడపల్లిలోని మా సందులోకి వెనక్కి వెనక్కి వచ్చి, మా గేటుకు ఎదురుగా కొండంత కంకర కుమ్మరించి, వెళ్ళిపోబోయింది. కొండంత అని నేను దేన్ని గురించైనా అంటాను, మా ఇంటి ఇడ్లీని గురించి కూడా అంటాను, కానీ ఈసారి ఉన్నమాటే అన్నానని కాసేపటికి గానీ తెలియలేదు. పక్కనున్న పాత పెంకుటిల్లు కూలగొట్టి పరీక్షలకు చదువుకునే పిల్లల కోసం హాస్టలు కడుతున్నారు. అశోక్ నగర్‌లో ఇక మంచం వాల్చే జాగా కూడా మిగలక ఆ హాస్టళ్ళన్నీ మా వైపు పొర్లుకొస్తున్నాయి. గేటు తెరవడానికి లేకుండా చేశారని గట్టిగా అరుద్దామనే వెళ్ళాను గానీ, డ్రైవరు భుజాలు చూశాక గొంతు తగ్గించుకుని, ఎక్కడి కంకర బాబూ ఇది అని మాత్రం అడిగాను. అతను ఒక ఊరి పేరు చెప్పాడు. అది మా అత్తగారి ఊరు.

"ఊరవతల గుట్ట ఉంటుండె గద అన్నా, గదే. ఇగ ఒడిసింది. ఇవి ఆఖరి లోడ్లు" అన్నాడు.

గేటు సంగతి మరిచిపోయాను. ఆ గుట్టతో మాకో పాత బాకీ ఉంది.

మా పెళ్ళయిన కొత్తల్లో మేం నారాయణగూడలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. మేం అంటే అమ్మ, నాన్న, నానమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు, ఉద్యోగం వెతుక్కోవడానికి వారం రోజులకని వచ్చి ఏళ్ళ తరబడి వెతుక్కుంటూనే ఉన్న చిన్నాన్న, ఆపైన మా ఆవిడ. ఆమెను నేను గుసగుసగా మంచినీళ్ళడిగితే నాలుగు దిక్కుల నుంచీ నాలుగు చెంబులు వచ్చేవి. అలాంటి ఇంట్లో ఒకనాడు, డాబా మీద ఆరేసిన తడి దుప్పటి చాటున, ఆమె నాతో గబగబా చెప్పింది. తమ ఊరి చివర ఒక గుట్ట ఉందట, దాని కొసన ఏనుగంత బండ ఉందట, దానిమీద కూర్చుంటే ఊరంతా కనబడుతుందట. "మీతోని ఒక ముచ్చట చెప్పేదున్నది. ఆడనే చెప్త" అని, దుప్పటి ఇంకా ఆరకముందే కిందికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు, అన్నం సయించలేదు, ఆఫీసులో కూడికలు తీసివేతలయ్యాయి. ఏమిటా ముచ్చట? మంచిదా, చెడ్డదా? నేను నచ్చలేదని చెబుతుందా? చివరికి ఒక ఆదివారం పొద్దుటి బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాం. అత్తగారింట్లో భోంచేసి, ఊరు నిమ్మళంగా చూసుకుంటూ పొద్దు గూకేలోపు గుట్టెక్కి, ఆఖరి బస్సుకు తిరిగి రావాలని మా పథకం.

ఎంత ముద్దొచ్చే ఊరనుకున్నారు! ఒకటే బజారు, నీలం రంగు వేసిన తలుపులు, వేపచెట్టు కింద కుట్టుమిషను, మెట్ల మీద మనకంటే దర్జాగా కూర్చున్న మేకలు, వేయించిన పల్లీల వాసన, బజారుకు ఆ కొసన గోధుమరంగు గుట్ట. నడిస్తే పావుగంట. కానీ నడవనిస్తే కదా!

కొత్త అల్లుడు గడప ముందు నుంచి వెళ్తూ ఆ ఇంట్లో చాయ్ తాగకపోతే, ఆ ఊళ్ళో అది ఏడు తరాల పగ. "ఏం బిడ్డా, అల్లున్ని తోల్కొని గట్లనే పోతున్నవ్, మా ఇల్లు కండ్లకు ఆనలేదా?" అని ఒక పెద్దమ్మ పిలిచింది. లోపలికి వెళితే చాయ్, బొట్టు, మా ఆవిడ కొంగులో రెండు ఎండుకొబ్బరి కుడుకలు, ఒక రవికెగుడ్డ, నా భుజాల మీద ఒక తువ్వాల. బయటికొస్తే ఎదురింటి వాళ్ళు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. అక్కడికీ వెళ్ళకపోతే వాళ్ళకూ వీళ్ళకూ యుద్ధం. అలా అటొకటీ ఇటొకటీ తిరుగుతూ ముందుకు సాగాం. అరుగుల మీద బీడీలు చుట్టే ఆడవాళ్ళు చెయ్యి ఆపకుండానే నన్ను ఎగాదిగా చూసి, "పిలగాడు బక్కగున్నడు, పట్నంల బువ్వ దొర్కదా ఏంది?" అని నవ్వారు. సగం బజారు దాటేసరికి తువ్వాళ్ళలోంచి నా ముక్కు ఒక్కటే బయటికి కనబడుతోంది. కడుపులో హుస్సేన్ సాగర్ అలలు కొడుతోంది.

చివరికి ఒక్క ఇల్లు మిగిలింది, దాని వెనకే గుట్ట. చెప్పులు చేత్తో పట్టుకుని మునివేళ్ళ మీద దాటుతున్నాం. ఆ ఇంట్లో ఉండే మా ఆవిడ చిన్నమ్మమ్మకు చూపు ఆనదని ఊరంతా చెప్పుకునేవారు.

"ఎవలది? మా పోరి నడక లెక్కున్నది" అందామె లోపలి నుంచి. అంతే, సర్వపిండి గిన్నెకు అద్దడం మొదలుపెట్టింది. "ఆగు నాయినా, గిప్పుడే అయితది." అది సన్నని సెగ మీద కాలుతూనే ఉంది. గుమ్మంలోంచి నేను గుట్టను చూస్తూనే ఉన్నాను. ఎర్రబడింది, ఊదారంగుకు తిరిగింది, నల్లబడింది. "బావా, బస్సు హారన్ గొడ్తున్నడు, ఉర్కుండ్రి!" అంటూ బామ్మర్ది పరుగున వచ్చాడు.

బస్సులో నిలబడి, ఇప్పుడైనా చెప్పమన్నాను. ఆమె చుట్టూ చూసింది. సగం బస్సు నాకు తువ్వాళ్ళు కప్పినవాళ్ళే. "గుట్ట యాడికి వోతది? మల్లొచ్చినప్పుడు చెప్త" అంది.

మళ్ళీ వెళ్ళినప్పుడు వాన, ఆ పైసారి చంకలో పిల్ల, ఇంకోసారి ఎవరిదో పెళ్ళి. ఇంతలో బామ్మర్ది అడిక్‌మెట్‌లో దుకాణం పెట్టి ఇంటిల్లిపాదినీ పట్నానికి తెచ్చేశాడు, ఆ ఊరికి వెళ్ళే పనే లేకుండా పోయింది. నేను అడగడం మానలేదు. ఆమె ఆ ఒక్క జవాబూ మార్చలేదు. గుట్ట యాడికి వోతది?

మొన్న ఆమెను వంటింట్లోంచి పిలిచి సంగతి చెప్పాను. పసుపు చేతులతోనే వచ్చి కుప్ప ముందు నిలబడింది. ఒక రాయి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. నేను ఊరుకోలేక, మనం వెళ్ళలేకపోయాం గనుక గుట్టే మన గడపకొచ్చింది, ఇక చెప్పెయ్యమన్నాను. సందు అటు చివరికీ ఇటు చివరికీ చూశాను కూడా. చెవుల్లో వైర్లు పెట్టుకుని లైబ్రరీకి పోయే పిల్లలు మమ్మల్ని తప్పించుకుని వెళ్ళిపోతున్నారు. ఏం బిడ్డా అని పిలిచేవాళ్ళు లేరు, చాయ్ తాగిపొమ్మనేవాళ్ళు లేరు. ఆ రోజు బజారంతా తిరిగినా దొరకని ఏకాంతం, మా గేటు ముందు నడిరోడ్డు మీద, కావలసినంత ఉంది. ఆమె కుప్ప మీద ఒక కాలు మోపింది. కంకర జారింది. కాలు వెనక్కి తీసుకుంది.

"గుట్ట మీద చెప్పే ముచ్చట కంకర మీద చెప్తరా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

నిన్న ఆ కంకరతోనే స్లాబు పోశారు. పూర్తయ్యాక ఆ హాస్టలు పైకెక్కితే చిక్కడపల్లి అంతా కనబడుతుందని మేస్త్రీ సంబరంగా చెబుతున్నాడు. మా ఇంట్లో ఇప్పుడు మేమిద్దరమే, సాయంత్రాలన్నీ మావే, ఎవరూ పిలవని చాయ్ మేమే కలుపుకుని తాగుతాం. ఆ తువ్వాళ్ళు ఏనాడో మసిగుడ్డలైపోయాయి. నిన్న చాయ్ గిన్నె దింపుతూ ఆమె కాసేపు అలా కిటికీలోంచి చూస్తూ నిలబడింది. ఆ ముచ్చట ఆమెకు ఇంకా గుర్తుందా అని అడగబోయి, లేదంటుందేమోనని భయమేసి, చక్కెర సరిపోయిందా అని అడిగాను.