పీచు మిల్లు, గ్యాస్ ప్లాంటు, మా అనసూయ మేడం

మొన్న బస్సు అమలాపురం దాటాక తడిసిన కొబ్బరి పీచు వాసన గుప్పున కొట్టింది. జల్లు లోపలికి కొడుతున్నా కిటికీ మూయబుద్ధి కాలేదు. ఆ వాసన వెంటే మా ఎకనామిక్స్ లెక్చరర్ అనసూయ మేడం గుర్తొచ్చారు.

అమ్మ మా ఊళ్లోని పీచు మిల్లులో కొబ్బరి తొక్కలెత్తే కూలీగా చేరి, తాళ్లు పేనడం నేర్చుకుని, చివరికి మేస్త్రి అయింది. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా ఆర్డర్లు లేక మిల్లు మూతపడింది. అప్పటికే ఊరి చివర గ్యాస్ ప్లాంటు వచ్చింది. అక్కడి క్యాంటీన్‌లో కాంట్రాక్టు పని దొరికితే, కాలేజీ మానేసి చేరిపోయాను.

వారం తిరక్కుండానే మేడం మా ఇంటికొచ్చారు. సిగ్గుతో నేను లోపలే ఉండిపోయాను. ఆవిడ నన్ను పిలవలేదు. అమ్మతో మిల్లు కబుర్లు మొదలుపెట్టారు. చాలా రోజుల తర్వాత అమ్మ నవ్వడం వినబడి, నేనే బయటకొచ్చాను.

"ప్లాంటులో మీ ఊరివాళ్లు ఏమేం పనులు చేస్తున్నారమ్మా?" అని నన్నడిగారు.

"వంట, ఊడ్చడం, గేటు దగ్గర కాపలా అండి. ఇంజనీర్లంతా బయటివాళ్లే."

"మీ అమ్మగారు తొక్కలెత్తి మేస్త్రి అయ్యారు. అక్కడ ఊడ్చేవాళ్లు ఏమవుతారు?"

జవాబు మేడమే చెప్పారు.

"మిల్లులో షావుకారుకీ కూలీకీ మధ్య చాలామంది ఉండేవారు. ప్లాంటులో పైన కొద్దిమంది, కింద మీరు. మధ్యలో ఎవరూ లేరు. ఊళ్లోకి డబ్బు రావడం వేరు, అందరికీ అందడం వేరు. నువ్వు తక్కువదానివి కాదమ్మా. ఆ పనే అలాంటిది."

ఎంగిలి పళ్లేలు తీస్తూ లోపమంతా నాదేననుకునేదాన్ని. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"జీతం రాకపోతే ఇల్లు గడవదండి," అంది అమ్మ నెమ్మదిగా.

"మానమనడం లేదండి. డ్యూటీ దిగాక మా ఇంటికి పంపండి."

అలా ప్రైవేటుగా పరీక్షలు రాస్తూ, డిగ్రీ అయ్యేదాకా వెళ్లాను. పుస్తకం తెరవబోతే, "ముందు తిను. ద్రవ్యోల్బణం ఎక్కడికీ పోదు," అని కంచం పెట్టేవారు. చదువుతూ నిద్రపోతే ఫ్యాను నావైపు తిప్పేవారు. నాకు ఉద్యోగం వచ్చేనాటికి ఆవిడ లేరు. మిల్లూ మళ్లీ తెరవలేదు.

ఇప్పుడు కాకినాడలో నేనూ ఎకనామిక్సే చెబుతున్నాను. పోయిన నెల ఒకమ్మాయి రొయ్యల ఫ్యాక్టరీలో చేరి, క్లాసుకు రావడం మానేసింది. ఫోన్ ఎత్తలేదు. ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. పిల్ల తలుపు చాటుకు తప్పుకుంది. వాళ్లమ్మ కూడా అక్కడే పనిచేస్తుందట, కంగారుగా కుర్చీ వేసింది.

"రోజంతా ఐసులో చేతులు పెట్టి ఎలా ఒలుస్తారండీ?" అని అడుగుతూ కూర్చున్నాను.