మానుచెవికి నేను చెప్పిన చెట్టు

పగ తీర్చుకోవడం నాకు చేతకాదని మా ఇంట్లో అంటారు. ఒక్కసారి చేతనైంది, అదీ ఒక్క మాటతో.

కన్నడసీమలో, తిరుమణి దగ్గర మా చేని గట్టున ముసలి చింతమాను ఉండేది. దాని మొదట్లో చెక్కంత గట్టి పుట్టగొడుగు కాసేది. అవ్వ దాన్ని మానుచెవి అనేది. పిల్లలకు గవదబిళ్లలు లేస్తే సానరాయి మీద అరగదీసి చెంపలకు పూసేది. చింతమాను మీదిది తప్ప ముట్టేది కాదు. వేపమాను మీద కనబడితే, "అది మందుకు పనికిరాదప్పా" అని దాటిపోయేది.

సంగతి తెలిసి ఒక వృక్షశాస్త్రం లెక్చరరు మా ఇంటికి వచ్చాడు. అవ్వ మానుచెవిని తిరగేసి చూపింది.

"ఈడ చూడప్పా, కుక్కగొడుగుకున్నట్ల రేకులుండవు. సూది గుచ్చినట్ల బొక్కలుంటాయి. గుర్తు అదే."

అతను ఆమె చెప్పింది రాసుకుని, మానుచెవిని సంచిలో వేసుకున్నాడు. వెళ్లేముందు నలుగురిలో నవ్వాడు. "కుక్కగొడుగులకు గూడా కులగోత్రాలు చెప్తా ఉండాది ముసలామె!" అవ్వ తల దించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

తర్వాత అతని కాలేజీ బీరువాలో ఆ మానుచెవిని చూశాను. చీటీలో రేకులు, సూదిబొక్కలు, అన్నీ అవ్వ మాటలే. గుర్తించినవారి పేరు మాత్రం అతనిది.

అవ్వ పోయింది. చేను సోలార్‌కు లీజుకిచ్చాం, చింతమానును వేళ్లతో సహా పెకలించారు. ఆ తర్వాత ఒకరోజు అతని ఫోను. ఈ రకం పుట్టగొడుగులను శాస్త్రవేత్తలు మళ్లీ విడదీసి వేర్వేరు జాతుల్లో పెట్టారట. ఏ చెట్టు మీద కాసిందో తెలియకపోతే మా మానుచెవి ఏ జాతో తేలదట.

"ఏ చెట్టప్పా అది? అప్పుడు చెట్టు పేరొక్కటే రాసుకోలేదు. చీటీ మార్చల్ల."

"వేపమాను, సార్" అన్నాను. నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఫోను పెట్టేసి కడుపారా నవ్వుకున్నాను.

మొన్న నా పగను కళ్లారా చూసుకుందామని కాలేజీకి వెళ్లాను. చీటీ కొత్తది. వేపచెట్టు మీద దొరికిందని కన్నడంలో రాసి ఉంది. కింద, గుర్తించినవారి చోట అతని పేరు లేదు. మా అవ్వ పేరు ఉంది.

ఆమె బతికినన్నాళ్లూ ముట్టని చెట్టును ఆమె పేరు పక్కన రాయించింది నేను. అది సరిచేయాలంటే, ఆమెను చూసి నవ్వినవాడికి ఫోను చేసి, అబద్ధమాడానని ఒప్పుకోవాలి. ఇంతవరకు చెయ్యలేదు.