కాగితంలో లేని ఒక్క మాట

మొన్న మంగళవారం సాయంత్రం, నేనూ మా కోడలూ రోజూ చూసే టీవీ సీరియల్లో ఒక వింత జరిగింది. సోమవారం నాడు అందరూ చుట్టూ చేరి ఏడ్చి సాగనంపిన పెదనాన్న, మంగళవారం వంటింటి గుమ్మంలో నిలబడి ఇడ్లీలోకి కారప్పొడి అడిగాడు. మా కోడలు ఒలుస్తున్న చిక్కుడుకాయ చేతిలోనే పట్టుకుని, "అత్తయ్యా, ఈయన నిన్నే కదా పోయాడు!" అంది. "చనిపోయాడన్న కబురు అబద్ధమేమో, బతికే వచ్చాడేమో" అన్నాను. ఆ సీరియళ్ళలో అదేమంత విడ్డూరం కాదు. కాసేపటికి తెర అడుగున అక్షరాలు పరుగెత్తాయి. ముందు రావలసిన భాగం పొరపాటున తరవాత వచ్చిందట, ప్రేక్షకులు మన్నించాలట. కోడలు పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఇప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటనే అరవై ఏళ్ళ కిందట ఒక మనిషి ముందు అన్నాను. ఆ రోజు మన్నించమని ఎవరినీ అడగలేదు.

నూజివీడులో మామిడి వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నా చదువు ఐదో తరగతి. మిగతాదంతా గ్రంథాలయం పెట్టిన భిక్ష. సభ్యత్వం మా ఆయన పేరు మీద, చదువు నాది. ఆయనకి పుస్తకం ఎంచే ఓపిక ఉండేది కాదు. బల్ల మీద ఏది కనబడితే అది పట్టుకొచ్చేవారు. అందుకని ఒక వారం గ్రహాల సంగతి, ఇంకో వారం పశువుల జబ్బులు చదివాను. గేదె అన్నది లేని ఇంట్లో కూర్చుని గాలికుంటు రోగానికి వైద్యం కంఠస్థం చేసినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. గ్రహణం ఎలా పడుతుందో దీపమూ నిమ్మకాయా పెట్టి మా మామగారికి చూపించబోయి చీవాట్లు తిన్నాను కూడా. "మా కోడలు చదవని కాగితం లేదమ్మా" అని మా అత్తగారు వచ్చినవాళ్ళతో వెక్కిరింతగా అనేవారు. నేను దాన్ని బిరుదులాగా తగిలించుకుని తిరిగేదాన్ని.

వేసవి వచ్చిందంటే మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఊపిరాడనిచ్చేది కాదు. ఒకవైపు వరిగడ్డిలో మాగుతున్న చిన్న రసాల తీపి వాసన, ఇంకోవైపు పచ్చికాయల సొన ఘాటు. పదిమంది ఆడవాళ్ళు బారుగా కూర్చుని కాయలు ఏరేవారు. దెబ్బ తిన్నవి పక్కకి, మాగినవి బజారుకి, మచ్చలేని బంగినపల్లి కలకత్తాకి. కలకత్తా కాయని ఒక్కొక్కదాన్నీ కాగితంలో చుట్టి చెక్కపెట్టెలో పేర్చాలి. ఆ కాగితాల కోసం బెజవాడ నుంచి పాత వారపత్రికల కట్టలు దింపేవారు. కాయలు చూసుకోమని అత్తగారు నన్ను షెడ్డులో కూర్చోబెడితే, నేను కాగితాలు చూసుకునేదాన్ని. ఆ కట్టల్లోనే ఒక సీరియల్ దొరికింది. ఓడ పనికి వెళ్ళి జాడ తెలియకుండా పోయిన మొగుడి కోసం ఎదురుచూసే ఇల్లాలి కథ. పైకి చదవడం మొదలుపెట్టాను. ఆడవాళ్ళ మధ్య కీచులాటలు తగ్గాయి, చేతులు ఆగకుండా ఆడాయి. అది చూసి అత్తగారు కూడా ఊరుకున్నారు. ఒకటే చిక్కు, కొన్ని భాగాలు నేను చూసేలోపే కాయలకి చుట్టేసేవారు. "అయ్యో, దీని తరవాతది ఏదీ?" అని నేను వెతుక్కుంటుంటే అత్తగారు, "ఆ వారం కథ కలకత్తా వాళ్ళు చదువుకుంటార్లే, నువ్వు ఉన్నది కానీ" అనేవారు.

వినేవాళ్ళలో మా తోట కాపలా తాత కూతురు ఒకతె. నా ఈడుదే. కోసిన కాయని తొడిమ కిందకి పెట్టి, సొన పూర్తిగా కారేదాకా ఆగి, అప్పుడే చుట్టేది. ఆమె పెట్టెలో కాయకి నల్లచార ఉండేది కాదు. ఆ సొనకి ఆమె వేళ్ళు మాత్రం పొక్కిపోయి ఉండేవి. మొగుడు లారీ క్లీనరు. హనుమాన్ జంక్షన్లో లారీ ఎక్కి వెళ్ళినవాడు నాలుగేళ్ళయినా తిరిగి రాలేదు, ఉత్తరం ముక్క లేదు. వాళ్ళ ఇళ్ళల్లో మారుమనువుకి తప్పు లేదు. జి. కొండూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. భార్య పోయిన మనిషి, బావులు తవ్వుతాడు, నెమ్మదస్తుడు. ఒకసారి చూడ్డానికి వచ్చి షెడ్డు బయటే నిలబడ్డాడు. లోపలికి రావడానికి సిగ్గుపడి, ఊరికే నిలబడ్డానికి ఇంకా సిగ్గుపడి, మా వాళ్ళతోపాటు నాలుగు గంపలు లారీకెత్తి వెళ్ళిపోయాడు. తోటలో కాయ అయిపోయేలోగా ఏదో ఒకటి చెప్పమని కూతురిని తాత అడుగుతున్నాడు. ఆమె అవుననడం లేదు, కాదనడం లేదు.

అలాంటి రోజుల్లో ఓడ మొగుడు చనిపోయినట్టు కబురొచ్చిన భాగం నా చేతికి చిక్కింది. చదివాను. ఆడవాళ్ళందరూ ముక్కులు చీదుకున్నారు. తాత కూతురు మాత్రం ఏడవలేదు. "పోయాడా అండీ? అయితే ఆయమ్మకి తెలిసిపోయిందన్నమాట. తెలిస్తే నయమేనండీ" అంది. ఆ మర్నాడే జి. కొండూరు మనిషిని రమ్మని కబురు చెయ్యమందట. తాత వెలిగిపోతున్న ముఖంతో వచ్చి మా అత్తగారికి చెప్పాడు. నా చదువు వల్ల ఒక మంచి జరిగిందని లోలోపల పొంగిపోయాను.

ఐదారు రోజులకి ఇంకో భాగం దొరికింది. ఎన్నో భాగమో వేసే పైమూల చిరిగిపోయి ఉంది. నేను చూసుకోకుండా అందుకున్నాను. రెండో పేరాకే మొగుడు రైలు దిగాడు. గంపలెత్తే ముసలమ్మ చెయ్యి ఆపి, "ఇదేంటమ్మగారూ, చచ్చినోడు రైలెక్కాడేంటి? చదువుకున్నోళ్ళు కూడా తికమకపడతారా ఏంటి!" అంది. షెడ్డంతా గొల్లుమంది. గుమ్మంలో అత్తగారు కూడా నవ్వుతున్నారు. అప్పటికే నా కళ్ళు రెండు వాక్యాలు ముందుకి పరుగెత్తాయి. ఇందులో ఆ ఇల్లాలు ఇంకా నిండు చూలాలు. చావు కబురు వచ్చిన భాగంలో ఆ పిల్లవాడు నడుస్తున్నాడు. అంటే ఇది ముందు జరిగింది, అతను జాడ తెలియకుండా పోకముందు ఒకసారి ఇంటికి వచ్చినప్పటిది. 'ఇది వెనకటి భాగమర్రా, నేను చూసుకోలేదు' అంటే అయిపోయేది. అది కూడా నవ్వులోనే కలిసిపోయేది. నేను కాగితం మీంచి తలెత్తకుండా, చదువుతున్న గొంతుతోనే, "చనిపోయాడన్న కబురు అబద్ధమని తేలింది. అతను బతికే వచ్చాడు" అన్నాను. ఆ మాట కాగితంలో లేదు. ముసలమ్మ "అద్గదీ" అని గంప ఎత్తుకుంది. నా బిరుదు నాకు మిగిలింది.

అందరూ పనిలో పడ్డాక తాత కూతురు వచ్చి నా దగ్గర నిలబడింది. "ఆ కాగితం నాకిస్తారా అండీ?" అంది. ఆమెకి అక్షరం ముక్క రాదు. ఏం చేసుకుంటావని అడగలేదు, ఇచ్చేశాను. నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది.

రెండు రోజులకి తాత వచ్చాడు. "చిన్నమ్మగారూ, నా కూతురు మళ్ళీ వద్దంటందండీ. కథలో ఆయన వచ్చాడంట, మా అల్లుడూ వస్తాడంట. మీరన్నా చెప్పండి, మీ మాటైతే వింటది" అన్నాడు. చెప్పడానికే వెళ్ళాను. ఆమె బావి దగ్గర చేతుల సొన కడుక్కుంటోంది. పక్కన ఆ ముసలమ్మా ఇంకో ఇద్దరూ ఉన్నారు. "చూడు, ఆ భాగం అసలు ముందు జరిగిందే. నేను ముందువెనకలు చేసి చదివాను" అన్నాను. అంతవరకే నోరు పెగిలింది. ఆమె తాపీగా, "ముందో వెనకో, వచ్చాడు కదండీ. కబురు అబద్ధమని రాసుంది కదా, మీరే చదివారు" అంది. 'అది రాసి లేదు, నేనన్నాను' అనడానికి ఎంతసేపు పడుతుంది? ముసలమ్మ నా వంకే చూస్తోంది. "సరే, నీ ఇష్టం" అని వచ్చేశాను. తాతతో, "చెప్పాను, వినలేదు" అన్నాను. వానలు పడకముందే జి. కొండూరు మనిషి చింతలపూడి వైపు పిల్లని చేసుకున్నాడు.

మరుసటి ఏడు గ్రంథాలయానికి ఎవరో ఆ సీరియల్ పేజీలన్నీ చింపి, వరసగా కుట్టించిన బైండు పుస్తకం ఇచ్చారు. మా ఆయన చేతికి, అన్ని పుస్తకాలూ ఉండగా, అదే తగిలింది. మొదటినుంచి చివరిదాకా చదివాను. చావు కబురు నిజమే. అతను మళ్ళీ రాలేదు. ఆ పుస్తకం పద్నాలుగు రోజులు మా ఇంట్లో ఉంది. ఆమె రోజూ మా షెడ్డుకి వస్తూనే ఉంది. గడువు దాటకుండా పుస్తకం తిరిగి పంపేశాను.

ఆ తరవాత ఎన్నో వేసవులు ఆమె మా కాయలు చుట్టింది. ప్రతి ఏడూ మొదటి కోత రోజున, "ఆ కథ మిగతాది దొరికిందా అండీ?" అని అడిగేది. "ఎక్కడా, కలకత్తా వెళ్ళిపోయింది" అనేదాన్ని. తాత పోయాక, అన్న దగ్గరికి వెళ్ళిపోతూ చెప్పిపోవడానికి వచ్చింది. చెంపల దగ్గర జుట్టు తెల్లబడింది. బొడ్లోంచి ఆ కాగితం తీసింది. మడతల దగ్గర విడిపోయి నాలుగు ముక్కలైంది. చెమటకీ సొనకీ అక్షరాలు సగం కనబడటం లేదు. "ఒక్కసారి ఆ మాట చదివి పెట్టండమ్మగారూ" అంది. షెడ్డులో ఇంకెవరూ లేరు. నవ్వేవాళ్ళు లేరు, నా బిరుదు పోగొట్టేవాళ్ళు లేరు. ముక్కలు నాలుగూ ఒడిలో పేర్చుకుని, వేలు పెట్టి చూపిస్తూ, "చనిపోయాడన్న కబురు అబద్ధమని తేలింది. అతను బతికే వచ్చాడు" అని ఎక్కడా తడబడకుండా చదివాను. ఆమె తృప్తిగా తల ఊపి, ముక్కలు జాగ్రత్తగా మళ్ళీ మడతపెట్టుకుంది.

బుధవారం నాడు టీవీ వాళ్ళు భాగాలు సరిచేశారు. పెదనాన్న గోడ మీద ఫొటో అయ్యాడు, కోడలు మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది. కథలో వారాలు తారుమారైతే ఎవరో ఒకరు సర్దగలరు. ఆమె వేసవులు మాత్రం ఒకదాని తరవాత ఒకటి, సరిగ్గా వరసలోనే వచ్చి, వరసలోనే వెళ్ళిపోయాయి.